లూకన్‌లో ఇల్లు తీసుకునే ముందు కాలినడకన కొలవవలసిన దూరాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెప్టెంబరులో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వస్తున్నారు, మీ వారి ఆఫీసు నగరం మధ్యలో ఉంది, మూడేళ్ల పాప ఉంది, సంక్రాంతి వెళ్లాక అత్తగారు కొన్ని నెలలు ఉండడానికి వస్తారు, మొదటి ఏడాది కారు కొనే ఆలోచన లేదు. లూకన్, ఆడమ్స్‌టౌన్‌లలో ఇళ్లు చూస్తున్నారు. అక్కడ దుకాణాలు, డాక్టరు, పార్కు దగ్గరలో ఉంటాయా, మన సరుకులు దొరుకుతాయా అని అడిగారు. నేను 2011 నుంచి లూకన్‌లోనే ఉంటున్నాను. మొదటి మూడేళ్లు మాకూ కారు లేదు, చంకలో పిల్ల ఉంది. కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఒక్క మాట ముందుగా. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు పడకగదులు ఎన్ని, వంటగది ఎంత అని చూసే ముందు, ఆ గుమ్మం నుంచి పాలు దొరికే చోటికి, బస్సు స్టాపుకు, మందుల షాపుకు వానలో పాప బండి తోసుకుంటూ ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. ఇక్కడి జీవితం సుఖంగా సాగడం, సాగకపోవడం చాలావరకు ఆ నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది.

లూకన్ డబ్లిన్‌కు పడమటి వైపు, లిఫీ నది ఒడ్డున ఉన్న పాత ఊరు. నగరం నడిబొడ్డుకు సుమారు 13 కిలోమీటర్లు. ఎన్4 రహదారి దాన్ని రెండుగా చీలుస్తుంది. రహదారికి ఉత్తరాన నది, రాతి వంతెన, చిన్న దుకాణాల వరసతో అసలు ఊరు ఉంది. దక్షిణాన గత కొన్ని దశాబ్దాల్లో ఒకదాని పక్కన ఒకటిగా లేచిన కాలనీలు, వాటికి ఇంకా పడమరగా ఆడమ్స్‌టౌన్. అద్దె ప్రకటనల్లో మాత్రం అన్నిటికీ ‘లూకన్’ అనే రాస్తారు. పిన్‌కోడులా పనిచేసే ఎయిర్‌కోడ్ కూడా ఈ ప్రాంతమంతటికీ కె78తోనే మొదలవుతుంది. అందుకని ఆ పేరు చూసి దూరం అంచనా వేయకండి. ఎయిర్‌కోడ్‌లో మొత్తం ఏడు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. 2015లో ఇది వచ్చినప్పటి నుంచి ప్రతి ఇంటికీ వేరే కోడ్ ఉంది. ఇంటివారిని పూర్తి కోడ్ అడిగి తీసుకుని, ఫోనులో మ్యాపు తెరిచి, నడక దారి ఎంతో చూడండి.

మ్యాపులోనూ ఒక చిక్కు ఉంది. ఇక్కడి పాత కాలనీలు చాలావాటికి లోపలికి వచ్చే దారి ఒకటే, బయటికి వెళ్లేదీ అదే. చుట్టూ ప్రహరీ. మేము మొదట అద్దెకున్న ఇంటి పెరటి గోడ మీదుగా చూస్తే సూపర్‌మార్కెట్ దీపాలు కనబడేవి. చూపుకు మూడు వందల మీటర్లు. నడిచి వెళ్లాలంటే కాలనీ గేటు దాకా వెళ్లి, పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి, ఇరవై నిమిషాలు. కొన్ని కాలనీల్లో గోడలో మనుషులు వెళ్లేంత సందు వదిలారు, కొన్నిటిలో పక్కింటివారు వద్దన్నారని మూసేశారు. ఆ సందు ఉందా, పాప బండి అందులో పడుతుందా అన్నది స్వయంగా చూడవలసిన సంగతి.

ఆడమ్స్‌టౌన్ కథ తెలుసుకుంటే ఇక్కడి ప్రకటనలను ఎలా చదవాలో తెలుస్తుంది. కాలనీలు ముందు కట్టి, బడులూ దుకాణాలూ తరువాత చూద్దాంలే అనుకునే పద్ధతితో విసిగిపోయిన ప్రభుత్వం 2001లో ఆ పొలాలను ప్రత్యేక అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించింది. 2003లో ఆమోదం పొందిన ప్రణాళికలో ఒక మంచి నియమం ఉంది. ఇన్ని ఇళ్లకు ఇంత రవాణా, ఇన్ని బడులు, ఇంత పార్కు అని లెక్క కట్టారు. ఆ వాటా పూర్తయితేనే తరువాతి దశ ఇళ్లకు అనుమతి. అందుకే రైల్వే స్టేషను 2007లోనే తెరుచుకుంది, బడులూ తొందరగానే వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం వచ్చి పడింది, నిర్మాణం ఆగిపోయింది. స్టేషను పక్కన బజారు రావలసిన స్థలం ఏళ్ల తరబడి కంచె వెనక మట్టిదిబ్బగా ఉండిపోయింది. అప్పట్లో అక్కడ ఉండే నా స్నేహితురాలు వారం సరుకులకు పాప బండితో బస్సెక్కి లూకన్ వచ్చేది. తిరిగి వెళ్లేటప్పుడు బండి కింద ఉల్లిపాయలు, బండి పిడికి చెరో వైపు రెండు సంచులు, పాప తన చేతిలో. 2020 తరువాతే అక్కడ క్రాసింగ్స్ అనే బజారు లేచింది, టెస్కో, ఆల్డీ వచ్చాయి. ఇప్పుడు స్టేషను చుట్టుపక్కల ఉంటే రైలు దిగి, పాలూ కూరగాయలూ తీసుకుని, నడిచి ఇల్లు చేరవచ్చు. కారు లేని కుటుంబానికి లూకన్ మొత్తంలో ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు.

కాబట్టి ప్రకటనలో ‘త్వరలో రానున్నవి’ అని ఉన్నవేవీ లెక్కలోకి తీసుకోకండి. మాకు తొలి ఇల్లు చూపించిన ఏజెంటు వచ్చే ఏడాదికల్లా పక్కనే పిల్లల సంరక్షణ కేంద్రం వస్తుందని గట్టిగా చెప్పాడు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేనాటికి కూడా అక్కడ గడ్డే ఉంది. ఈ రోజు తలుపు తెరిచి ఉన్న దుకాణం, ఈ రోజు నడుస్తున్న బస్సు, వీటినే నమ్మండి.

ఇక సూపర్‌మార్కెట్లు. ఇక్కడ ఐదు పేర్లు గుర్తుంచుకుంటే చాలు: టెస్కో, డన్స్, సూపర్‌వాల్యూ, ఆల్డీ, లిడిల్. డన్స్ 1944లో కార్క్ నగరంలో మొదలైన ఐరిష్ దుకాణం. సూపర్‌వాల్యూ కూడా ఇక్కడివారిదే. న్యూక్యాజిల్ రోడ్డులోని లూకన్ షాపింగ్ సెంటర్‌లో ఉన్న సూపర్‌వాల్యూను మా వీధి పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో సూపర్‌క్విన్ అనే పిలుస్తారు. 2014లో పేరు మారింది. ఆల్డీ, లిడిల్ జర్మనీవి, 1999, 2000లలో ఈ దేశంలో అడుగుపెట్టాయి. పాలు, గుడ్లు, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, క్యాబేజీ, పప్పుల డబ్బాల వంటివి ఈ రెండింటిలోనే తీసుకోండి, నాణ్యతలో తేడా నాకెప్పుడూ కనబడలేదు. డన్స్‌లో 50 యూరోల సరుకు కొంటే తరువాతిసారికి 10 యూరోల తగ్గింపు కూపన్ ఇస్తారు. నెలకొకసారి పెద్ద సరుకులకు అది పనికొస్తుంది. టెస్కోలో క్లబ్‌కార్డు లేకుండా కొనకండి. ఒకే వస్తువుకు రెండు ధరలు రాసి ఉంటాయి, తక్కువది కార్డు ఉన్నవారికే. పెట్రోలు బంకులు, వీధి మూల చిన్న దుకాణాలు రాత్రి దాకా తెరిచి ఉంటాయి కాని ధర ఎక్కువ. అవి అవసరానికే.

ఇంటి నుంచి సంచి తీసుకుని బయలుదేరండి. 2002లోనే ఈ దేశం ప్లాస్టిక్ సంచుల మీద పన్ను వేసింది. ఇప్పుడది సంచికి 22 సెంట్లు. నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలకూ డబ్బాలకూ 2024 ఫిబ్రవరి నుంచి డిపాజిట్ ఉంది, అర లీటరు దాకా 15 సెంట్లు, అంతకు మించితే 25. ఖాళీ సీసా నలపకుండా తెచ్చి సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గరి యంత్రంలో వేస్తే రసీదు వస్తుంది, దానితో సరుకు కొనుక్కోవచ్చు. పాల డబ్బాలకూ గాజు సీసాలకూ ఇది లేదు. కుళాయి నీళ్లు శుభ్రంగా తాగవచ్చు కనుక అసలు నీళ్ల సీసాలు కొనే పనే లేదు. చెత్తబండి ఇక్కడ మున్సిపాలిటీది కాదు, ప్రైవేటు కంపెనీలది. అద్దెలో అది కలిసి ఉందో లేదో సంతకానికి ముందే అడగండి.

డిసెంబరు 25న అన్నీ మూసేస్తారు. బస్సులు, రైళ్లు కూడా ఉండవు. ముందు రోజే పాలూ మందులూ తెచ్చి పెట్టుకోండి.

మన సరుకుల గురించి మీరు ఎక్కువ కంగారు పడుతున్నట్లు ఉన్నారు. ఆ కంగారు అక్కర్లేదు. లూకన్ చుట్టుపక్కల భారతీయ కిరాణా దుకాణాలు ఉన్నాయి. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు, బెండకాయలు, దొండకాయలు, కరివేపాకు దొరుకుతాయి. చాలామంది ఫోనులో ఆర్డరిస్తే ఇంటికి తెచ్చి ఇస్తారు. పది, ఇరవై కిలోల బియ్యం బస్తాకు అదే మంచి పద్ధతి. కరివేపాకు, ఆకుకూరలు వచ్చే రోజు వారంలో ఏదో ఒకటి ఉంటుంది. దుకాణంవారిని ఆ రోజు అడిగి తెలుసుకోండి. రెండు రోజులు ఆలస్యమైతే నల్లబడిన రెమ్మలే మిగులుతాయి.

అత్తగారికి మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచండి. భారతదేశం నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు సామానులో తేకూడదు. అంటే ఇంటి నెయ్యి, పాలకోవా, కోవా కజ్జికాయలు వద్దు. తాజా కరివేపాకు, మామిడికాయలకు కూడా ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. పొడులు, అప్పడాలు, వడియాలు తెచ్చుకోమనండి. విమానాశ్రయంలో పెద్దావిడ చేతిలోంచి నేతి డబ్బా తీసుకుని చెత్తలో వేస్తుంటే చూడడం చాలా బాధగా ఉంటుంది, నేను చూశాను.

ఆ నెయ్యి లోటును ఈ దేశమే తీరుస్తుంది. ఐర్లండ్‌లో ఆవులు ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చిక మేస్తాయి, అందుకే వెన్నకు ఆ పసుపు రంగు. ఉప్పు లేని వెన్న అని రాసి ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే ఇక్కడ మామూలు వెన్న అంటే ఉప్పు కలిపినదే. సన్నని సెగ మీద కాచి, తమలపాకు బదులు రెండు మెంతులు వేసి దించితే మీ అత్తగారు మారుమాట లేకుండా ఒప్పుకునే నెయ్యి వస్తుంది. సోడా రొట్టె చేయడానికి అమ్మే బటర్‌మిల్క్ కూడా చూడండి. చిక్కగా, పుల్లగా ఉంటుంది. నీళ్లు కలిపి మజ్జిగ పులుసు పెట్టవచ్చు. పెరుగు పుల్లబడని చలికాలంలో మా ఇంట్లో అదే ఆధారం.

పిండి పులియడం గురించి మీరు అడగలేదు కాని ఇల్లు చూసేటప్పుడు ఉపయోగపడే సంగతి కనుక చెబుతున్నాను. ఇక్కడి ఇళ్లలో హాట్ ప్రెస్ అనే చిన్న గది లాంటి అలమారా ఉంటుంది, సాధారణంగా మేడ మీద. లోపల వేడినీళ్ల సిలిండరు, దాని పైన చెక్క అరలు. ఇక్కడివాళ్లు తువ్వాళ్లు, దుప్పట్లు ఆరబెట్టుకుంటారు. మనం ఇడ్లీ పిండి గిన్నె పెడతాం. పాత ఇళ్లలో సిలిండరు పైఅర మీద, అడుగున పళ్లెం ఉంచి, గిన్నెలో సగం ఖాళీ వదిలి రాత్రి తొమ్మిదికి పెడితే, జనవరిలో కూడా పొద్దున్నకు పిండి పైకి లేచి ఉంటుంది. మొదటిసారి నేను గిన్నె నిండా పోశాను. పిండి పొంగి సిలిండరు మీద కారి, వేడికి ఎండి, వారం రోజులు దుప్పట్లన్నీ పులిసిన మినప వాసన వేశాయి. ఆడమ్స్‌టౌన్‌లోని కొత్త ఇళ్లలో సిలిండరుకు వేడి బయటికి రాకుండా మందమైన తొడుగు ఉంటుంది. అక్కడ అర గోరువెచ్చగా కూడా ఉండకపోవచ్చు. ఇల్లు చూసేటప్పుడు ఆ తలుపు తెరిచి చేయి పెట్టి చూడండి. వెచ్చదనం లేకపోతే ఓవెన్‌లో దీపం మాత్రం వేసి పెట్టుకోవాలి.

డాక్టరు విషయంలో మాత్రం కంగారు పడమనే చెబుతాను. ఇక్కడ ఏ జబ్బుకైనా ముందు జీపీ అనే కుటుంబ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆయన ఉత్తరం ఇస్తేనే స్పెషలిస్టు. లూకన్ చుట్టుపక్కల చాలా క్లినిక్‌లు కొత్తవారిని చేర్చుకోవడం లేదు, జాబితాలు నిండిపోయాయి. మేము ఫోను చేస్తే ఏడు క్లినిక్‌లు కాదన్నాయి, ఎనిమిదోది ఒప్పుకుంది. అది కూడా బస్సు మీద వెళ్లవలసిన దూరం. జ్వరం వచ్చాక వెతకడం మొదలుపెడితే చాలా కష్టం. ఇంటి చిరునామా చేతికి వచ్చిన రోజే ఫోన్లు మొదలుపెట్టండి. కాదన్నవారిని వెయిటింగ్ జాబితాలో రాసుకోమని అడగండి. పీపీఎస్ నంబరు (ఇక్కడి ప్రభుత్వ సేవలకు వాడే గుర్తింపు సంఖ్య) రాగానే పాపకు జీపీ విజిట్ కార్డుకు దరఖాస్తు చేయండి. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు 2023 ఆగస్టు నుంచి జీపీ దగ్గర ఫీజు లేదు. పెద్దవాళ్లకు ఒక్కసారి చూపించుకుంటే 60 యూరోలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఉత్తరం లేకుండా నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళితే 100 యూరోలు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకండి, 112 లేదా 999. పాపకు చేయి విరిగింది, తలకు చిన్న దెబ్బ తగిలింది వంటి వాటికి బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని కానలీ ఆసుపత్రి ఆవరణలో పిల్లల అర్జెంట్ కేర్ విభాగం ఉంది, రాత్రిళ్లు ఉండదు. అత్తగారు చూడడానికి వచ్చినవారు కాబట్టి ఈ రాయితీలు వర్తించవు. ప్రయాణ బీమా తప్పనిసరిగా చేయించండి, రోజూ వాడే మందులు డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమనండి. ఇక్కడ చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్ర ఒక్కటి కూడా ఇవ్వరు. పారాసెటమాల్ కూడా కిరాణా దుకాణంలో 12 మాత్రల పెట్టె, మందుల షాపులో 24 మాత్రల పెట్టె, అంతే. ఈ పట్టింపు మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. కాని మందుల షాపులోని ఫార్మసిస్టు మీరు చెప్పేది నిలబడి పూర్తిగా వింటారు, చిన్న సమస్యలకు అక్కడే మంచి సలహా దొరుకుతుంది.

బస్సులు 2021 నవంబరులో మారాయి, మార్పు మంచికే జరిగింది. ఆడమ్స్‌టౌన్ నుంచి సి1, సి2 బస్సులు నగరంలోకి వెళతాయి. ఎల్ అక్షరంతో మొదలయ్యే లోకల్ బస్సులు కాలనీలను కలుపుతాయి. టికెట్టుకు బదులు వాడే లీప్ కార్డు ఉంటే 90 నిమిషాల్లో ఎన్ని బస్సులు, రైళ్లు మారినా పెద్దవాళ్లకు 2 యూరోలే. మీ వారి ఆఫీసు గ్రాండ్ కెనాల్ డాక్ వైపు అయితే ఆడమ్స్‌టౌన్ స్టేషను నుంచి ఫీనిక్స్ పార్కు సొరంగం గుండా వెళ్లే రైళ్లు చూడమనండి. 2016 నవంబరు నుంచి ఆ దారిలో ప్రయాణికుల రైళ్లు నడుస్తున్నాయి, పనిరోజుల్లో హ్యూస్టన్ స్టేషనులో దిగి మారే శ్రమ తప్పుతుంది. లువాస్ ట్రామ్ లూకన్ దాకా రాదు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పడం ఇక్కడి అలవాటు. పాప రెండు వారాల్లో నేర్చేసుకుంటుంది.

బట్టలకు, వానకోటుకు, పాప బూట్లకు లిఫీ వ్యాలీ షాపింగ్ సెంటర్ చాలు. 1998 నుంచి ఉంది, పెన్నీస్ అనే బట్టల దుకాణం అందులోనే ఉంది. కాని అది కార్లలో వచ్చేవారి కోసం కట్టిన చోటు.  వారం వారం వెళ్లకండి.

నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు గ్రంథాలయం. సూపర్‌వాల్యూ ఉన్న షాపింగ్ సెంటర్‌లోనే ఉంది. సభ్యత్వం ఉచితం, 2019 జనవరి నుంచి ఆలస్య రుసుము కూడా లేదు. చిన్నపిల్లలకు కథలు చదివి వినిపిస్తారు, పాప అందరిలో ఇంగ్లీషు వినడం అక్కడే మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. కొత్తగా వచ్చిన తల్లికి ఇంట్లో గోడలు మీద పడుతున్నట్లు ఉండే నెలలవి. నా మొదటి చలికాలం ఆ గ్రంథాలయంలో, పిల్లల మూలన ఉన్న చాప మీద గడిచింది. అక్కడ పరిచయమైన ఇద్దరు తల్లులు ఇప్పటికీ నా ఆత్మీయులు. ఒకరు గుంటూరు ఆవిడ, ఒకరు పోలండ్ ఆవిడ. దయచేసి మొదటి వారంలోనే కార్డు తీసుకోండి.

పార్కులకు కొదవ లేదు. గ్రిఫీన్ వ్యాలీ పార్కు పెద్దది, మధ్యలో వాగు, చదునైన బాట, అత్తగారికి నడకకు బాగుంటుంది. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు అక్కడ ఐదు కిలోమీటర్ల పార్క్‌రన్ జరుగుతుంది, డబ్బు కట్టనక్కరలేదు, నడిచినా చాలు. ఆడమ్స్‌టౌన్‌లో టాండీస్ లేన్ పార్కు పిల్లల ఆటలకు బాగా కట్టారు. నది చూడాలంటే సెయింట్ క్యాథరిన్స్ పార్కు. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక పాపకు రబ్బరు బూట్లు మొదటే కొనండి.

పాపకు మూడేళ్లు కాబట్టి ప్రీస్కూల్ రోజుకు మూడు గంటలు, ఏడాదిలో 38 వారాలు ఉచితం. పథకం ఉన్నంత మాత్రాన చోటు ఉంటుందని కాదు. సెప్టెంబరుకు చోట్లు వసంతంలోనే నిండిపోతాయి. ఇప్పుడే మెయిల్ రాయడం మొదలుపెట్టండి. చోటు దొరికిన ప్రీస్కూల్‌కు దగ్గరగా ఇల్లు వెతకడం, ఇల్లు తీసుకుని చోటు వెతకడం కంటే నయం.

ఇన్ని చూశాక నా సలహా ఇది. మీ వారు ముందుగా ఒంటరిగా వస్తే, ఇల్లు చూడడానికి ఏదో ఒక పనిరోజు సాయంత్రం ఆరింటికి వెళ్లమనండి. స్టేషనులోనో బస్సు స్టాపులోనో దిగి నడవమనండి, ట్యాక్సీ వద్దు. దారిలో సూపర్‌మార్కెట్‌లో రెండు లీటర్ల పాలు, ఐదు కిలోల బంగాళాదుంపలు కొని, ఆ బరువుతో ఇంటి గుమ్మం దాకా నడవమనండి. దారిలో కాలిబాట ఎక్కడైనా ఆగిపోయిందా, దీపాలు ఉన్నాయా, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా చూడమనండి. పడకగది ఒకటి తక్కువైనా పరవాలేదు, ఆ నడక పావుగంట దాటకూడదు.

మీరు చూస్తున్న ఇళ్ల పూర్తి చిరునామాలు ఇక్కడ అందరికీ కనబడేలా పెట్టకండి. కాలనీ పేరు రాస్తే చాలు, గోడకు సందు ఉందో లేదో నేను చెబుతాను. తెలియకపోతే ఆదివారం నడకకు అటు వెళ్లి చూసి వస్తాను.